గోడలోపలి కొద్దిరోజులు

తెలుగులో 'పిచ్చి' అన్న మాటకు రెండు ముఖాలున్నవి. తల్లి బిడ్డను దగ్గరకు తీసుకొని "పిచ్చితండ్రీ!" అన్నప్పుడు ఆ మాటలో ఉండే వాత్సల్యం మరొక మాటలో దొరకదు. అదే మాటను ఇరుగుపొరుగువారు గొంతు తగ్గించి అన్నప్పుడు ఒక కుటుంబమంతా తల దించుకొంటుంది. "వెర్రినాయనా" అన్న లాలింపూ, "వెర్రివాడు" అన్న వెలివేతా ఒకే మాటనుంచి పుట్టినవి. ఆ రెండింటికీ నడుమ ఉన్నది ఒక్క గడప. అది మానసిక వైద్యశాల గడప.

ఆ గడప దాటిన మనిషి లోపల ఉండేది పది రోజులు కావచ్చు, ఇరవై రోజులు కావచ్చు. టైఫాయిడు వచ్చి అన్నిరోజులే ఆసుపత్రిలో ఉన్నవాని సంగతి ఊరు మరుసటి నెలకే మరచిపోతుంది. మానసిక వైద్యశాలలో ఉన్నవాని సంగతి మరచిపోదు. హైదరాబాదులో ఎర్రగడ్డ ఒక పేట. అక్కడ రైతుబజారు ఉన్నది, మెట్రో స్టేషను ఉన్నది, ఎన్నో కుటుంబాలు సుఖంగా కాపురముంటున్నవి. అయినా "వీణ్ణి ఎర్రగడ్డకు పంపాలిరా" అన్న పరిహాసానికి తెలుగునాట ఎవరికీ వివరణ చెప్పనక్కరలేదు. విశాఖపట్నంలో చినవాల్తేరు పేరుకూ ఇదే అవస్థ పట్టినది. పేట పేరే ఎగతాళిగా మారినచోట, అక్కడి ఆసుపత్రిలో నాలుగు వారాలు ఉండి వచ్చినవాడు తన పేరును ఎట్లా నిలుపుకోగలడు?

ఈ ప్రశ్నకు జవాబు కొంత ఊరిలో ఉన్నది, కొంత లోపల గడిచిన రోజులలోనే ఉన్నది. మందు రోగాన్ని తగ్గిస్తుంది. కాని ఆ కొద్దిరోజులలో తనను మనిషిగా చూశారా లేదా అన్నది రోగి జీవితకాలం గుర్తుంచుకొంటాడు. మళ్ళీ అవసరం వచ్చినప్పుడు ఆ గడప తొక్కుతాడా, తప్పించుకొని తిరుగుతాడా అన్నది నిర్ణయించేది కూడా ఆ జ్ఞాపకమే.

శరణాలయం నుంచి వైద్యశాలకు

మానసిక వైద్యశాలలో 'కొద్దిరోజులు' ఉండి రావడమన్నది చరిత్రలో కొత్త సంగతి. మదరాసు రాజధానిలో 19వ శతాబ్దిలో వెలసిన ఉన్మాద శరణాలయాలు మూడు. ఒకటి మదరాసులో, ఒకటి కాలికట్టులో, మూడవది మన విశాఖపట్నంలో ఉండేవి. శరణాలయమన్న పేరే దాని ఉద్దేశాన్ని చెబుతున్నది. అది ముఖ్యంగా ఉంచేచోటు, నయంచేసి పంపేచోటు కాదు. 1912నాటి చట్టం ప్రకారం రోగిని సాధారణంగా మేజిస్ట్రేటు ఉత్తరువుపైన చేర్చుకొనేవారు. ఏ నేరమూ చేయని మనిషి కచేరీ మెట్లెక్కి, నేరస్థునివలె నిలబడి, లోపలికి వెళ్ళేవాడు. 1920 ప్రాంతాలలో దేశమంతటా ఈ శరణాలయాల పేర్లు మానసిక వైద్యశాలలుగా మారినవి. పేరు మారినంత మాత్రాన గోడల ఎత్తు తగ్గలేదు.

తగ్గించినది ముఖ్యంగా మందు. 1952లో పారిస్ నగరంలోని సెంటాన్ ఆసుపత్రిలో డిలే, డెనికర్ అనే వైద్యులు క్లోర్‌ప్రోమజీన్ అనే ఔషధాన్ని ఉన్మాద రోగులకు ఇచ్చి చూశారు. రోగి మత్తులో పడిపోవడమే కాదు, లేని గొంతులు వినిపించడమూ, లేని శత్రువులు కనిపించడమూ తగ్గుముఖం పట్టినవి. ఆ మందూ, దాని వెనుక వచ్చిన మరికొన్ని మందులూ ప్రపంచమంతటా ఆసుపత్రుల తీరును మార్చివేసినవి. ఏళ్ళ తరబడి ఉండవలసినవారు నెలలలోనూ, నెలల తరబడి ఉండవలసినవారు వారాలలోనూ ఇల్లు చేరడం మొదలయినది. "మనోవ్యాధికి మందు లేదు" అన్న మన సామెత దిగులు గురించి పుట్టినదే కావచ్చు. వ్యాధి విషయంలో మాత్రం దానిని సవరించుకోవలసిన కాలం వచ్చి చాలా ఏళ్ళయినది.

అయితే కాలం కుదించుకుపోయినంత సులభంగా అనుభవం మారలేదు. పదిహేను రోజులే అయినా, లోపల ఉన్నవానికి అవి పదిహేను రోజులుగా తోచవు.

గడప దాటిన నాడు

ఆసుపత్రిలో చేరడం నిజానికి ఇంటివద్దనే మొదలవుతుంది. అంతకు ముందే తాయెత్తులు కట్టించడం, అంత్రం వేయించడం, దిష్టి తీయించడం, గుడిలోనో దర్గాలోనో నిద్ర చేయించడం అయి ఉంటుంది. చివరకు ఎవరో తెలిసినవారు ఆసుపత్రి పేరు చెబుతారు. ఆ పేరు రోగితో చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ ఉండదు. "కళ్ళ డాక్టరుకు చూపించుకొని వద్దాం" అనో, "బాబాయి గారింటికి వెళ్ళి వద్దాం" అనో చెప్పి బండి ఎక్కిస్తారు. ఆ అబద్ధం ప్రేమతో ఆడినదే. కాని అందరూ కలిసి తనకు వ్యతిరేకంగా కూడబలుక్కొంటున్నారన్నదే ఆ మనిషి వ్యాధి అయితే, ఆ అబద్ధం అతని అనుమానానికి దొరికిన తొలి సాక్ష్యమవుతుంది. ఆసుపత్రి ఫాటకం కనిపించినప్పుడు అతడు తెలుసుకొనేది తనకు జబ్బుచేసినదని కాదు, తాను మోసపోయినానని. రోగం తగ్గిన తరువాత కూడా చాలామంది మనస్సులో ముల్లులా మిగిలేది ఈ ప్రయాణమే.

లోపల తొలి పరీక్ష ప్రశ్నలతో జరుగుతుంది. ఈవేళ ఏ వారం? ఇది ఏ ఊరు? ముఖ్యమంత్రి ఎవరు? నూరులోనుంచి ఏడేసి తీసివేస్తూ చెప్పండి. మనస్సు ఎంత నిలకడగా ఉన్నదో తెలుసుకోవడానికి ప్రపంచమంతటా వైద్యులు అడిగే ప్రశ్నలివి. కాని ఎందుకు అడుగుతున్నారో చెప్పకుండా అడిగితే, ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిన ఉపాధ్యాయునికి అంతకంటె అవమానం లేదు. అంతకు మించినది మరొకటి ఉన్నది. రోగి ఎదుటనే కూర్చొని ఉండగా, డాక్టరు అతని తల మీదుగా తోడు వచ్చినవారిని అడగడం: "రాత్రుళ్ళు నిద్రపోతున్నాడా? ఎవరినైనా కొడుతున్నాడా?" తన గురించి తన ఎదుటనే 'అతడు' అని మాట్లాడుకొనడం విన్న క్షణంలో, తన మాటకు ఇక విలువలేదని ఆ మనిషికి అర్థమవుతుంది. ఇంటివారిని అడగక తప్పదు. కాని మొదటి ప్రశ్న రోగిని అడిగి, "మీవాళ్ళనూ ఒకమాట అడుగుతాను" అని అతనికి చెప్పి అడగడానికి పట్టేది అరనిమిషం.

తరువాత వస్తువులు తీసుకొంటారు. బెల్టు, బ్లేడు, తాళాలు, ఫోను తీగ, నగలు. ప్రాణం తీసుకోవాలన్న తలపు ఉన్నవారిని కాపాడడానికి ఈ జాగ్రత్త అవసరమే. అయినా మెడలోని పుస్తెలతాడు తీసి ఇవ్వమన్నప్పుడు ఒక ఇల్లాలి మనస్సులో కలిగే కలతకు ఏ వైద్యగ్రంథంలోనూ పేరు లేదు. కళ్ళజోడు తీసుకొంటే ఎదుటి ముఖాలే అలుక్కుపోతవి. "ఇవి మీవే, జాగ్రత్తగా ఉంటవి, వెళ్ళేటప్పుడు తీసుకోవచ్చు" అన్న ఒక్క వాక్యం చెప్పి తీసుకోవడానికీ, చెప్పకుండా లాక్కోవడానికీ మధ్య ఉన్న వ్యత్యాసాన్ని రోగులు ఎన్నటికీ మరువరు.

కాలం కదలని చోటు

ఆవేశంలో ఉన్నవారికి మొదట ఇంజెక్షను ఇస్తారు. చాలామందికి తొలి రెండుమూడు రోజులు నిద్రలోనే గడిచిపోతవి. మెలకువ వచ్చేసరికి అది ఏ పూటో తెలియదు. నోరు ఎండిపోయి ఉంటుంది. పక్క మంచం మీద ఎవరో తనలో తాను మాట్లాడుకొంటూ ఉంటారు. "నేనిక్కడ వీరిలో ఒకణ్ణా?" అన్నది ఆ మెలకువలో పుట్టే మొదటి భయం.

ఆ తరువాత శత్రువు కాలమే. తెల్లవారగానే టీ, తరువాత ఉపాహారం, మాత్రల కోసం వరుస, డాక్టరుగారి రాక, భోజనం, మధ్యాహ్నపు మంచం, మళ్ళీ టీ, మళ్ళీ వరుస, సాయంకాలమే రాత్రి భోజనం. మాత్ర మింగినట్లు నోరు తెరచి చూపించాలి. ఈ రెండు వరుసల నడుమ ఉన్న గంటలకు పేరు లేదు. పాత దినపత్రికను నలుగురు చదువుతారు. క్యారమ్స్ బల్లమీద ఒక కాయ ఎప్పుడో పోయి ఉంటుంది. రోజంతటిలో రోగి ఎదురుచూసేది డాక్టరుగారి రాకకు. తెల్లవారుజామునుంచి చెప్పవలసిన మాటలన్నీ పేర్చుకొంటాడు. డాక్టరు వచ్చి "ఎట్లా ఉన్నావు? నిద్ర పట్టిందా?" అని అడిగి, కాగితం మీద ఒక గీత గీసి, తరువాతి మంచానికి వెళ్ళిపోతారు. ఒక్క వైద్యుని పైన ఎందరి భారమో ఉన్నచోట ఇందులో ఆయన తప్పు వెతకడం న్యాయం కాదు. కాని ఆయనకు అది ఇరవయ్యో మంచం. రోగికి అది ఆనాటి ఏకైక సంభాషణ.

లోపలి ఈ లోకాన్ని బయటివారు తెలుసుకోవాలని పూర్వం కొందరు సాహసం చేశారు. 1887లో న్యూయార్కులో నెల్లీ బ్లై అనే పత్రికా రచయిత్రి మతి తప్పినట్లు నటించి బ్లాక్‌వెల్స్ ద్వీపంలోని స్త్రీల శరణాలయంలో చేరినది. లోపలికి వెళ్ళిన తరువాత ఆమె నటన మానివేసి మామూలుగానే ప్రవర్తించినది. అయినా ఎవరూ నమ్మలేదు. పది రోజుల తరువాత ఆమె పత్రికవారు పూనుకొంటేగాని బయటపడలేదు. చలిలో చన్నీటి స్నానాలు, తినరాని తిండి, గంటల తరబడి బెంచీమీద కదలకుండా కూర్చోబెట్టడం ఆమె లోకానికి వెల్లడించినది. 1973లో రోసెన్‌హాన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త, తానూ మరి ఏడుగురూ దొంగరోగులుగా ఆసుపత్రులలో చేరి, తక్కువలో తక్కువ ఏడు రోజులు, ఎక్కువలో ఎక్కువ 52 రోజులు గడిపినట్లు ప్రకటించి సంచలనం కలిగించాడు. ఆ పరిశోధన యథార్థతను సూసన్నా కాహలన్ 2019లో తన గ్రంథంలో గట్టిగా శంకించినది కాబట్టి దానిని ప్రమాణంగా తీసుకోరాదు. ఈ రెండు కథలనుంచి పాఠకులు ఒక పొరపాటు నిర్ణయానికి కూడా రారాదు. లోపలికి వెళ్ళేవారిలో అత్యధికులు నటించేవారు కారు, నిజంగా బాధపడేవారు. వారికి ఆసుపత్రి అవసరం. రోగి అన్న ముద్ర పడిన తరువాత మనిషి చెప్పేదంతా రోగంగానే వినిపించే ప్రమాదం ఉన్నదన్నంతవరకే నెల్లీ బ్లై పది రోజులనుంచి గ్రహించవలసినది.

మరొక సంగతిని బయటివారు అరుదుగా ఊహిస్తారు. లోపల స్నేహమున్నది. చేతులు వణుకుతున్నవానికి పక్కవాడు టీ గ్లాసు పట్టుకొంటాడు. కొత్తగా వచ్చి ఏడుస్తున్న పిల్లకు నాలుగు రోజుల ముందు వచ్చిన పెద్దామె జడ వేస్తుంది. "మొదట అట్లాగే ఉంటుందమ్మా, నాకూ అట్లాగే ఉండెను" అన్న మాటకు, చెప్పినవారు కూడా అదే మంచాలవరుసలోనివారు కావడం వల్ల, డాక్టరు మాటకు లేని బలం ఒకటి ఉంటుంది.

తోడున్నవారు

పాశ్చాత్య దేశాలలో మానసిక వైద్యశాల అంటే కుటుంబంనుంచి వేరుచేసేచోటు. ఈ విషయంలో భారతదేశం లోకానికి ఒక కొత్త దారి చూపినది. 1950ల దశకంలో అమృతసర్ మానసిక వైద్యశాలలో డాక్టరు విద్యాసాగర్ రోగుల బంధువులను ఫాటకంనుంచే తిప్పి పంపక, ఆవరణలో గుడారాలు వేయించి రోగులతోపాటు ఉండనిచ్చారు. బంధువులు చికిత్సను కళ్ళార చూశారు. రోగులు త్వరగా ఇళ్ళకు వెళ్ళసాగారు. 1957లో వెల్లూరు క్రైస్తవ వైద్యకళాశాలవారు నెలకొల్పిన మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగితోపాటు కుటుంబంలో ఒకరు ఉండడం ఏర్పాటులో భాగమే అయినది. సరిహద్దు దాటితే వెల్లూరు కనుక చిత్తూరు జిల్లావారికి ఆ ఏర్పాటు పరాయిది కాదు.

తల్లి పక్కనే ఉండి అన్నం కలిపి పెడితే, ఆసుపత్రి సగం ఇల్లవుతుంది. బలవంతంగా పట్టుకొనే చేతులు తగ్గుతవి. మాత్రలు ఏ పూట ఏవి వేయాలో ఇంటివారికి అక్కడే అలవాటవుతుంది. అయితే ఈ మేలుకు రెండవ వైపు కూడా ఉన్నది. కోడలి దిగులుకు కారణం అత్తవారిల్లే అయినప్పుడు, అత్త పక్కనే కూర్చొని ఉండగా ఆమె డాక్టరుతో ఏమి చెప్పగలదు? తండ్రి తాగి వచ్చి కొట్టే ఇంటి కుర్రవాడు, తండ్రి ఎదుట ఏమి చెప్పగలడు? రోగిని ఒంటరిగా కూర్చోబెట్టి పది నిమిషాలు వినడం కూడా చికిత్సే.

తోడు ఉన్నవారి కష్టాన్నీ మరువరాదు. రోజుకూలీ మానుకొని మంచం పక్కన నేలపై పడుకొనే భర్త, పొలం కౌలుకిచ్చి వచ్చిన అన్న, చిన్నపిల్లలను పొరుగింట వదలి వచ్చిన తల్లి కూడా ఆ పదిహేను రోజులూ ఒకవిధంగా అక్కడ రోగులే. వారిని "మీరెట్లా ఉన్నారు?" అని అడిగేవారు మరీ తక్కువ.

మందూ, కరెంటూ

మాత్రలు పనిచేయడానికి రోజులు పడుతుంది, కొన్నింటికి వారాలు పడుతుంది. వాటి ఇబ్బందులు మాత్రం తొందరగానే వస్తవి. చేతులు వణకడం, మెడ బిగుసుకుపోవడం, నోట చొంగ కారడం, కూర్చుంటే కూర్చోలేక నిలుచుంటే నిలువలేక తిరుగుతూ ఉండడం. ఈ చివరి దానిని అనుభవించినవారు రోగంకంటె అదే దుర్భరమని చెబుతారు. చూసేవారికి అది రోగం ముదిరినట్లు కనిపిస్తుంది. ఇది మందువల్ల కలిగినదనీ, దీనికి విరుగుడు ఉన్నదనీ, మోతాదు మార్చవచ్చుననీ ముందుగా చెప్పకపోతే, ఇంటికి వెళ్ళిన మరుసటి వారమే రోగి ఆ మాత్రలను పెరట్లో పారవేస్తాడు. చెప్పని మాట ఖరీదు మరొకసారి ఆసుపత్రిలో చేరడం.

ఇక 'కరెంటు పెట్టడం' అన్న మాటకు జడవని తెలుగువాడు లేడు. సినిమాలు ఆ భయాన్ని పెంచి పోషించినవి. ఈ చికిత్సను మొదట చేసినవారు 1938లో రోమునగరంలో సెర్లెట్టి, బిని అనే వైద్యులు. ఆనాడు మత్తు లేకుండా చేసేవారు. ఒళ్ళంతా ఎగిరిపడేది, ఎముకలు విరగడమూ ఉండేది. 2017నాటి మన చట్టం మత్తుమందూ, కండరాలను సడలించే మందూ ఇవ్వకుండా ఈ చికిత్స చేయడాన్ని నిషేధించినది. నేటి రోగి అనుభవం ఇట్లా ఉంటుంది. రాత్రినుంచి ఏమీ తినరాదు, తెల్లవారి మంచినీళ్ళు కూడా తాగరాదు. గది బయట తనవంటివారితో వరుసలో కూర్చోవాలి. చేతికి సూది గుచ్చుతారు. పది లెక్కపెట్టేలోగా ఏమీ తెలియదు. మెలకువ వచ్చేసరికి తలనొప్పి, కొంత అయోమయం. ప్రాణం మీదికి తెచ్చే తీవ్రమైన దిగులులో, అన్నం నీళ్ళు ముట్టక బిగుసుకుపోయిన స్థితిలో ఇది నేటికీ గొప్పగా పనిచేస్తున్న చికిత్స. దానికి రోగి చెల్లించే వెల జ్ఞాపకంలో కొంత మరుగు. ఆ వారాలలో ఎవరు చూడవచ్చారో, ఏమి మాట్లాడారో గుర్తుండదు. బాధ కంటె ఈ మరుపే చాలామందిని కలవరపెడుతుంది. ఇదికూడా ముందే చెప్పదగిన మాట.

చట్టం ఏమంటున్నది

2017లో పార్లమెంటు ఆమోదం పొంది 2018లో అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ కొద్దిరోజుల వాసానికి కొత్త నియమాలు ఏర్పరచినది. తనంతట తాను చేరిన పెద్దవాడు తనంతట తాను వెళ్ళిపోవచ్చు. అతనికి గాని ఇతరులకు గాని హాని కలుగుతుందని తోస్తే, పరీక్షించడం కోసం 24 గంటలవరకు మాత్రం ఆపవచ్చు. నిర్ణయించుకొనే స్థితిలో లేనివారిని, వారి ప్రతినిధి కోరికపైన, ఇద్దరు వేరువేరుగా పరీక్షించిన తరువాతనే చేర్చుకోవాలి. అదికూడా 30 రోజులకు మించరాదు. మించవలసివస్తే సమీక్షా మండలి అనుమతి కావాలి. ఆ మండలికి రోగి స్వయంగా మొరపెట్టుకోవచ్చు.

ఇవి పెద్ద హక్కులు. రోగి రోజువారీ బ్రతుకులో ఎక్కువ వెలుగునిచ్చేవి చిన్న హక్కులు. తన బట్టలు తాను కట్టుకోవచ్చు. బలవంతంగా తల గొరగరాదు. గొలుసులతో కట్టరాదు. ఒంటరి గదిలో బంధించరాదు. కూలి ఇవ్వక పనిచేయించరాదు. ఫోను చేసుకోవచ్చు, ఉత్తరం వ్రాసుకోవచ్చు, చూడవచ్చినవారిని చూడవచ్చు, ఇష్టంలేకపోతే చూడననవచ్చు. మూడేళ్ళలోపు బిడ్డను సాధారణంగా తల్లినుంచి వేరుచేయరాదు. ఆత్మహత్యకు పాల్పడినవానిని తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నవానిగా భావించాలేగాని, నేరస్థునిగా శిక్షించరాదు.

ఈ నిషేధాలలో ప్రతి ఒక్కదాని వెనుకా ఎవరో ఒకరు పడిన బాధ ఉన్నది. గొలుసుల మాటనే తీసుకొంటే, 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా సమీపంలోని ఒక ప్రైవేటు ఆశ్రయంలో నిప్పు రేగినప్పుడు, గొలుసులతో కట్టివేసి ఉన్న కారణంగా పారిపోలేక 28 మంది ప్రాణాలు కోల్పోయినారు. అయితే చట్టం కాగితంమీద ఉన్నంతలో మంచం దగ్గరకు రాదు. చేరిననాడే ఈ హక్కులను రోగికి తెలిసిన భాషలో చదివి వినిపించినప్పుడే అది మంచం దగ్గరకు వచ్చినట్లు. చాలామంది రోగులకు తమకు ఇటువంటి హక్కులున్నవన్న సంగతి ఇంటికి వెళ్ళిన తరువాత కూడా తెలియదు.

ఇల్లు చేరిన తరువాత

విడుదల అయ్యేనాడు రోగికి పట్టలేని సంతోషం ఉంటుందని అందరూ అనుకొంటారు. సంతోషమున్నమాట నిజమే. దానితోపాటు ఒక బెరుకు కూడా ఉంటుంది. లోపల అందరూ ఒకటే; దాచవలసినదేమీ లేదు. బయట దాచడమే పని అవుతుంది. "ఇన్నాళ్ళూ కనిపించలేదేమి?" అన్న ప్రశ్నకు ఇంటిల్లిపాదీ కలిసి ఒక జవాబు తయారుచేసుకొంటారు: కామెర్లు అనో, ఊరికి వెళ్ళాడనో. మందులకు మళ్ళీ వెళ్ళవలసి వచ్చినప్పుడు ఆ జవాబును మార్చాలి. అబద్ధం మోయలేక చాలా ఇళ్ళలో మందునే మానిపిస్తారు. వ్యాధి తిరగబెట్టడానికి ఇంతకంటె సామాన్యమైన కారణం లేదు.

పెళ్ళి సంగతి సరేసరి. "పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు" అన్న సామెత నవ్వుకోవడానికి పుట్టినది. కాని ఎన్ని ఇళ్ళలో అది వైద్యసలహాగా అమలవుతున్నదో! రోగం దాచి పెళ్ళి చేయడం, మందు సీసా కనిపిస్తే గుట్టు బయటపడుతుందని కొత్తకోడలు మందు మానడం, మూడు నెలలలో తిరిగి ఆసుపత్రి. ఈసారి తోడు వచ్చినది భర్త కాదు, పుట్టింటివారు.

1960లో వచ్చిన 'చివరకు మిగిలేది' చిత్రంలో సావిత్రి మానసిక వైద్యశాలలోని నర్సుగా నటించినది. రోగిని బాగుచేయడానికి ప్రేమ నటించి, అది నటన కాకపోగా, చివరకు తానే రోగి అయిన స్త్రీ కథ అది. ఆ చిత్రం చూసి కన్నీరు పెట్టుకొన్న ప్రేక్షకులకు ఒక సత్యం అందినది: ఆ గోడకు ఈవలివారికీ ఆవలివారికీ పుట్టుకతో వచ్చిన తేడా ఏదీ లేదు. అంకెలు కూడా అదే చెబుతున్నవి. 2015-16లో బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థ జరిపిన జాతీయ సర్వేలో పెద్దవారిలో నూటికి పదిమందికి పైగా ఏదో ఒక మానసిక వ్యాధితో బాధపడుతున్నట్లు తేలినది. వ్యాధినిబట్టి వారిలో నూటికి 70 నుంచి 92 మందికి తగిన చికిత్స అందడం లేదు. అందకపోవడానికి వైద్యుల కొరత ఒక కారణం. భయం మరొక కారణం. ఆ భయంలో సగం రోగాన్ని గురించి కాదు, ఆ గడపను గురించి. 2022 అక్టోబరులో ప్రభుత్వం నెలకొల్పిన టెలిమానస్ సేవకు 14416 అన్న అంకెకు ఫోను చేసి, ఇంటినుంచే, పేరు చెప్పకుండానే తెలుగులో మాట్లాడవచ్చు. గడప తొక్కడానికి జంకేవారికి అది మంచి మొదటి మెట్టు.

కొద్దిరోజులు ఉండి వచ్చినవానికి ఊరు చేయగల ఉపకారం ఘనమైనదేమీ కాదు. అతడు మునుపు చేసిన పనికి మళ్ళీ పిలవాలి. పొలం గట్టు తగాదాలో అతని మాటను మిగతావారి మాటతో సమానంగా వినాలి. అతనికి కోపం వచ్చినప్పుడు "మాత్ర వేసుకొన్నావా?" అని అడగకుండా, కోపం ఎందుకు వచ్చినదో అడగాలి. కోపగించే హక్కు కూడా ఆరోగ్యంలో భాగమే. వైద్యులు ఇరవై రోజులలో చేసిన పని నిలిచేదీ నిలవనిదీ ఆ తరువాతి ఇరవై ఏళ్ళలో ఇరుగుపొరుగువారి నోటిమీద ఆధారపడి ఉన్నది.